అల్లుడు లోపలికి, సర్కారు బయటే

నేను గీసింది గుమ్మడికాయను. దానికి మీసాలు పెట్టాను, నిజమే. నా గుమ్మడికాయ, నా ఇష్టం. అది టీషర్టుల మీద అచ్చయి ఊరంతా తిరుగుతుంటే మేయరుగారు ఎందుకు ఉలిక్కిపడాలి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ల గురించి విన్నాను గానీ, అందుకోసం పోలీసులను పంపేవాణ్ణి ఇప్పుడే చూశాను.

పంపింది కూడా ఎవరిని? మా అక్క మొగుణ్ణి. బావ ఇన్‌స్పెక్టరు. మిట్టమధ్యాహ్నం మా ఇంటి ముందు జీపు దిగి, టోపీ సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఇంట్లో బొమ్మలు అచ్చువేసే స్క్రీను ఫ్రేములు ఉన్నాయని సమాచారం అందింది. సోదా చెయ్యాలి," అన్నాడు, నావైపు చూడకుండా.

"సమాచారం అందిందా? ఆ ఫ్రేములకి చెక్క కోసిచ్చిందే నువ్వు కదా బావా!"

"నువ్వు మాట్లాడకు. నేను డ్యూటీలో ఉన్నాను."

నవ్వొచ్చింది. భయమూ వేసింది. ఆ ఫ్రేములే నా బతుకు. దుకాణాల సంచుల మీద పేర్లు, బడిపిల్లల బనియన్ల మీద బొమ్మలు, అన్నీ వాటి మీద రంగు లాగి వేసేవే. అవి పట్టుకుపోతే రేపటి నుంచి గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి.

అమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, రెండు చేతులూ గుమ్మానికి అటూ ఇటూ ఆనించి నిలబడింది. మనిషి సన్నగానే ఉంటుంది. గుమ్మంలో నిలబడితే మాత్రం చీమ దూరే సందుండదు.

"కోర్టు కాగితం ఉందా బాబూ?"

"కాగితమేంటి అత్తయ్యా! నేను మీ అల్లుణ్ణి."

"అల్లుడైతే లోపలికి రండి, కాఫీ పెడతాను. సర్కారైతే కాగితం తెచ్చేదాకా బయటే. ఇద్దరూ కలిసి మాత్రం రావద్దు, మాది చిన్న కొంప."

జీపు డ్రైవరు నవ్వు ఆపుకోలేక స్టీరింగు వెనక తల దాచుకున్నాడు.

బావ ఎండలో నిలబడి ఆలోచించాడు. చెడ్డవాడు కాదు, కాస్త కాఫీ పిచ్చి. చివరికి టోపీ తీసి, బెల్టు విప్పి, వరండాలో కుర్చీ మీద పెట్టాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు రండి నాయనా." అమ్మ దారి ఇచ్చి, ఆ టోపీ ముందు గ్లాసుడు మంచినీళ్లు పెట్టింది. "పాపం సర్కారువారు, ఎండన పడి వచ్చారు."

నేను వంటింట్లోకి పరుగెత్తి నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను.

తీరా కాఫీ తీసుకుని ముందుగదిలోకి వద్దును కదా, బావ ముందున్న బల్ల మీదే గుమ్మడికాయ ఫ్రేము! పొద్దున కడిగి ఆరబెట్టి మరిచిపోయాను. కొంప మునిగిందనుకున్నాను. అమ్మ నా చేతిలోంచి గ్లాసు అందుకుని తాపీగా మీసాల మీద పెట్టింది. బావ గ్లాసు ఎత్తాడు. మీసాలు కనిపించాయి. దించాడు. మీసాలు మాయం. మళ్లీ ఎత్తాడు.

"ఏమైనా కనిపించిందా బావా?"

"పంచదార ఎక్కువైంది," అన్నాడు.

చూసింది అల్లుడు మరి. సర్కారు బయట మంచినీళ్ల ముందు కూర్చుని ఉంది.

ముగ్గురం కడుపులు పట్టుకుని నవ్వుతుండగా ఇంకో జీపు వచ్చి ఆగింది. అందులోంచి బావకు పైఆఫీసరు దిగాడు. అమ్మ మళ్లీ గుమ్మంలోకి వెళ్లింది.

"ఇన్‌స్పెక్టరేడీ?"

అమ్మ కుర్చీ వైపు చూపించింది. "అదిగో, అక్కడున్నారు. లోపలున్నది మా అల్లుడు."

"వేళాకోళంగా ఉందా? తప్పుకోండి!"

అమ్మ చెయ్యి తియ్యలేదు. ఆయన ఆ చెయ్యి పట్టుకుని పక్కకు లాగబోయాడు.

బావ లేచాడు. అమ్మ చేతి కింద నుంచి వంగి బయటికి వెళ్లి, బెల్టు బిగించి, టోపీ పెట్టుకుని, అమ్మకు ముందు నిలబడ్డాడు. ముఖం ఆయన వైపు.

"వారంటు తెచ్చారా సార్?"

"మతి పోయిందా నీకు? నిన్న ఆ టైలరు ఇంట్లో దూరి కుట్టుమిషను పట్టుకొచ్చావే, అప్పుడేం కాగితం చూపించావు?"

ఆ టైలరే నా టీషర్టులు కుట్టింది. మిషను పోయిన సంగతి నాకు తెలియనే తెలియదు. నేనిక్కడ నా గుమ్మడికాయను చూసుకుని మురిసిపోతున్నాను, అక్కడ ఆయన పొయ్యిలో నీళ్లు పోశారు. నా మీద నాకే మండింది. బావ మీద ఇంకా మండింది.

బావ తల దించుకున్నాడు. "నిన్న తప్పు చేశాను సార్. ఆ గుమ్మంలో మా అత్తయ్య లేరు."

పైఆఫీసరు ఒక అడుగు వెనక్కి వేశాడు. "వారంటుతోనే వస్తాను. తర్వాత నీ సంగతి చూస్తాను," అని జీపెక్కాడు.

"తీసుకురండి సార్. నేనే తలుపు తీస్తాను," అన్నాడు బావ.

నేను చప్పట్లు కొట్టాను. అమ్మ కొట్టలేదు, చెప్పులు వేసుకుంది.

"ఆ మిషను ఎక్కడుంది బాబూ?"

"స్టేషన్లో. కానీ అత్తయ్యా, తిరిగివ్వాలంటే కాగితాలు రాయాలి, సంతకాలు కావాలి..."

"తెచ్చేటప్పుడు లేని కాగితం ఇచ్చేటప్పుడు ఎందుకు? ఎక్కండి."

స్టేషన్ నుంచి టైలరు ఇంటికి జీపులో ముందు సీటు అమ్మది. వెనక నేనూ, బావా, మా ఇద్దరి మధ్య కాలితో తొక్కే ఆ బండ మిషనూ. మలుపు తిరిగినప్పుడల్లా దాని పెద్ద చక్రం తిరిగి బావ మోకాలికి కొట్టుకునేది. "అబ్బా!" అని ఆయన అరిచినప్పుడల్లా నాకు మళ్లీ నవ్వు. "బాగా అయింది," అనేది అమ్మ, వెనక్కి తిరగకుండానే.

టైలరు ఇల్లు సందు చివర ఉంది. నిన్నటి తోపుకు తలుపు గొళ్లెం ఊడి వేలాడుతోంది. బావా, డ్రైవరూ మిషను మోసుకెళ్లి గుమ్మం ముందు ఆగారు. తలుపు బార్లా తెరిచే ఉంది.

"మిషను తెచ్చానమ్మా," అని పిలిచాడు బావ. "లోపలికి రావచ్చా?"

టైలరు భార్య వచ్చి మిషనును చూసింది. బావను చూసింది.

"వద్దు. అక్కడ పెట్టండి."

బావ దాన్ని దింపి వెనక్కి జరిగాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ చెరోపక్కా పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. మమ్మల్ని కూడా రమ్మనలేదు. తలుపు మూసుకుంది. ఆ తర్వాత, ఆ మిషనునే తలుపుకు అడ్డంగా జరుపుకుంటున్న చప్పుడు వినిపించింది.