చెరుకాకు రంగు

పొద్దున్నే గోడ మీద రెండు పట్టీలు వేసి వెనక్కి జరిగాడు ఆశన్న. ఒకటి లేత పసుపు, ఒకటి లేత ఆకుపచ్చ. అరవై దాటిన మనిషి. మోకాళ్లు సరిగా వంగవు, గోళ్ల చుట్టూ ఎప్పటెప్పటివో రంగులు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ క్వార్టర్లకు సున్నాలు వేశాడు. అది మూతపడ్డాక ఊళ్లో ఎవరు పిలిస్తే వాళ్లింటికి వెళ్తున్నాడు.

ఈ ముందుగది అనసూయమ్మది. భర్త రామస్వామి పోయినప్పటి నుంచి తాళం వేసి ఉంచింది. ఇప్పుడు కుట్టుమిషన్ పెట్టుకుందామని తెరిచింది. పసుపైతే గది వెలుతురుగా ఉంటుందంది. ఆకుపచ్చయితే కళ్లకు చల్లగా ఉంటుందంది. ఎటూ తేలక, ఏది బాగుందో చెప్పమని ఆశన్ననే అడిగింది.

ఆశన్న చాలాసేపు చూశాడు. కొంతకాలంగా కళ్లకు పొర కమ్ముతోంది. చెబితే ఎవరూ పనికి పిలవరని ఆ మాట ఇంట్లో కూడా అనలేదు.

“నాకు రెండు ఒక్కతీర్గనే కనవడుతున్నయి చెల్లె,” అన్నాడు చివరికి.

అనసూయమ్మ స్టూలు తెచ్చి వేసింది. ఆయన కూర్చుని అరచేత్తో గోడ తడిమాడు.

“నీ పెండ్లప్పుడు గీ అర్రకు నేనే రంగేసిన. రామస్వామి అంగీ జేబుల చెరుకాకు పెట్టుకొచ్చిండు. గిదే రంగు కావాలన్నడు. చేన్ల పెరిగిన పిల్ల, ఈడికొస్తే బెంగ పెట్టుకుంటదన్నడు.”

ఇన్నేళ్లూ ఆమెకు ఆ సంగతి తెలియదు. దొరికిన రంగేదో వేశారనుకుంది. కాపురానికి వచ్చిన కొత్తలో మధ్యాహ్నాలు ఆ గోడకు ఆనుకొని కూర్చుంటే పుట్టినూరు మోస్రాలో బాపు చెరుకు చేను గుర్తొచ్చేది. కిటికీలోంచి చెరుకు పాకం వాసన వచ్చేది. ఆ గదిలో ఏడుపు ఎందుకు ఆగేదో అప్పుడు ఆలోచించలేదు.

“నాకెన్నడు చెప్పలే,” అంది.

“ఆయన గంతే,” అన్నాడు ఆశన్న.

ఆకుపచ్చే వేయమంది. డబ్బా తనే తీసిచ్చింది. రంగు అంటని చోటల్లా వేలితో చూపిస్తూ పక్కనే నిలబడింది. మధ్యాహ్నం దాటేసరికి మూడు గోడలు అయ్యాయి.

ఆమె చాయ్ పెట్టుకొని వచ్చేసరికి ఆశన్న నాలుగో గోడకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. కునుకు పట్టిందనుకుంది. చాయ్ చల్లారుతుందని భుజం తట్టింది. మళ్లీ తట్టింది.

కబురందుకొని ఆశన్న కొడుకు భూమేష్ వచ్చి తీసుకెళ్లాడు. కర్మలు గడిచాక, మిగిలిన గోడకు అనసూయమ్మే రంగు వేసింది, చేయి అందినంత మేర. మిషన్ కిటికీ పక్కన వేసుకుంది.

ఆ కిటికీలో, రంగు చుక్కలు పడకుండా ఆశన్న పాత పేపరుతో మడిచి చేసుకున్న టోపీ ఉంది. అంచున చెమట మరక. తల గుండ్రం ఇంకా చెదరలేదు.