హెర్మా తుపాకి

నా పెళ్ళాం ఒస్వాల్డ్ దగ్గర తుపాకి చేయించుకుంటోంది. ఊళ్ళో అందరికీ తెలిశాక ఈ ముక్క చిట్టచివర తెలిసింది నాకే. అదీ హెర్మా నోటివెంట కాదు, బీరు కొట్టు నడిపే లీనీ చెబితే.

"రెండు గంటలు నిలబెట్టి కొలతలు తీశాడట మీ ఆవిడకి. మెడా, చెయ్యీ, చెంపా అన్నీ" అంది గ్లాసు తుడుస్తూ. "నీ కొట్టుకి ఎదురుగుండానే కదా అతని కొట్టు, కిటికీలోంచి చూళ్ళేదా ఎగిడ్?"

సగం బీరు వదిలేసి లేచొచ్చాను. చెంప కొలవాలంటే చెంప ముట్టుకోవాలి. నాకు తెలుసు, నా వృత్తీ అదే.

కారవాంకెన్ కొండల కింద మా ఊళ్ళో తాతల కాలం నుంచీ అందరం తుపాకులే చేస్తాం. నేనూ ఒస్వాల్డూ పదిహేనో ఏట ఒకే గురువు దగ్గర చేరాం. నా పని చూపిస్తే ఆయన "ఊఁ" అనేవాడు. వాడి పని చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చేతిలోకి తీసుకునేవాడు. నలభై ఏళ్ళయింది, గురువు పోయాడు, ఆ "ఊఁ" మాత్రం నా చెవిలోంచి పోలేదు. ఇప్పుడు నా ఇంట్లోకే వచ్చి కూచుంది.

హెర్మా వంటింట్లో కాస్‌నూడెల్ చేస్తోంది. పిండి బిళ్ళల్లో జున్నూ పుదీనా కూరి, కజ్జికాయలకి నొక్కినట్టు అంచులు నొక్కుతోంది.

"ఒస్వాల్డా?" అన్నాను.

"అవును" అంది, తలెత్తకుండా.

"తుపాకులు చేసే మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని?"

"ఆరేళ్ళుగా వచ్చే చలికాలం, వచ్చే చలికాలం అంటున్న మొగుణ్ణి. వచ్చినవాళ్ళందరి పనీ అయ్యాక కదా నా వంతు. ఒస్వాల్డ్ తారీఖు చెప్పాడు. సెప్టెంబరు మొదటి శనివారం."

"నన్నింకోసారి అడగాల్సింది."

"అడిగి అడిగి నోరు నొప్పెట్టింది ఎగిడ్. పళ్ళేలు పెట్టు."

పెట్టాను. తిన్నాను కూడా. ఒక్క ముద్దా రుచి తెలీలేదు.

హెర్మా ఏటా కొండమేకల వేటకి పైకెక్కుతుంది. నా మోకాలు చెడిన ఈ పదేళ్ళూ ఒంటరిగానే ఎక్కుతోంది. మూడేళ్ళ కిందట రాళ్ళ జారుడులో పడి కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. లోపల రేకు పెట్టి మరలు బిగించారు. బాగైపోయిందన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ ఆ పాత నాలుగు కిలోల తుపాకి బరువైపోతోంది తనకి. అంతే కదా, తేలికైనది కావాలి. దానికి వాడెందుకు?

నేనూ ఒకటి చేస్తాననుకున్నాను. వాడిదాని కంటే తేలికైనది. అదే శనివారం, అందరి ముందూ, తన చేతుల్లో పెడతాను. అప్పుడు ఏ తుపాకి భుజాన వేసుకుని కొండెక్కుతుందో చూద్దాం.

అటకమీద మా పెళ్ళికి మావగారిచ్చిన వాల్‌నట్ పలక ఉంది. ఇరవయ్యారేళ్ళుగా ఆరుతోంది. మంచి కస్టమరు కోసం దాస్తూ వచ్చాను, సిగ్గులేకుండా. దాన్ని దింపాను. హెర్మా అడవి ఆఫీసుకి ఉద్యోగానికి వెళ్ళగానే మొదలుపెట్టి, తను తిరిగొచ్చే వేళకి గోనెపట్టా కప్పేసేవాణ్ణి. గొట్టం పొట్టిగా, సన్నంగా లేతు మీద తిప్పించాను. గుండు ఎక్కించే బోల్టుకి గాడులు తీశాను. భుజానికి ఆనే మడమ రేకు కింద కర్రని లోపల తొలిచాను. కర్రకీ గొట్టానికీ మధ్య సన్న కాగితం ఆ చివరిదాకా జారాలి, ఎక్కడైనా ఆగితే తడికి కర్ర ఉబ్బి గుండు దారి తప్పుతుంది. నాలుగుసార్లు ఆగింది, నాలుగుసార్లూ గీశాను. బరువు తగ్గించడం ఎవడైనా చేస్తాడు. ముందు భాగం మరీ తేలికైతే మూతి గాలికి ఊగుతుంది. బరువంతా రెండు చేతుల మధ్య కుదరాలి, ఎత్తగానే చూపు వెళ్ళినచోటికి అదీ వెళ్ళాలి. ఆ పని నాకొచ్చు. "ఊఁ" అన్న గురువుకి తెలీకపోవచ్చు గానీ నాకొచ్చు.

కొలతలు తియ్యలేదు. ఇరవయ్యారేళ్ళు కాపురం చేసినవాడు పెళ్ళాన్ని టేపు పెట్టి కొలుస్తాడా? ఆ మెడ పొడుగు, ఆ చెంప ఎత్తు నాకు కంఠతా వచ్చు. ఒస్వాల్డ్‌కి రెండు గంటలు పట్టింది, నాకు కళ్ళు మూసుకుంటే చాలు. అలా అనుకుని మురిసిపోయాను కూడా.

మధ్యలో ఓసారి హెర్మా పాత తుపాకి నేను శుభ్రం చేస్తుంటే, మడమకి కుడిపక్క వార్నీషంతా అరిగిపోయి కనిపించింది. "జీపులో విసిరేస్తున్నావా ఏంటి దీన్ని?" అని కసిరాను. హెర్మా నా మొహంలోకి చూసి, తుపాకి లాక్కుని వెళ్ళిపోయింది. కోపమొచ్చింది కాబోలు అనుకున్నాను.

ఆగస్టులో ఆగలేక, ఆకురాయి అరువడిగే నెపంతో ఒస్వాల్డ్ కొట్లోకి వెళ్ళాను. బల్లమీదున్నదాని మీద గుడ్డ కప్పేశాడు.

"చూపించరా."

"ఒకరి తుపాకి ఇంకొకరికి చూపించను. నువ్వూ చూపించవు కదా."

"ఒకరేంట్రా, నా పెళ్ళాం."

వాడు చేతులు తుడుచుకున్నాడు. "ఒరేయ్ ఎగిడ్, ఓసారి ఆవిడతో కొండెక్కు. మోకాలికి పట్టీ కట్టుకునైనా ఎక్కు."

నా కుంటికాలిని వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ఆకురాయి తీసుకోకుండానే తలుపు ధడేలున వేసి వచ్చేశాను. ఆ వారంలో ఇంకో అరవై గ్రాములు తగ్గించాను. ప్రభుత్వ పరీక్షశాలలో పేల్చి ముద్ర వేయించుకొచ్చాక, వంటింటి పిండి తక్కెడలో పెట్టి చూశాను. రెండు కిలోల ఐదువందల పది. లీనీ ద్వారా కూపీ లాగితే, వాడిది రెండు కిలోల ఏడువందలు. ఆ పూట హాయిగా నిద్రపోయాను.

శనివారం వేటగాళ్ళ మైదానంలో పది పన్నెండుమంది ఉన్నారు. ఒస్వాల్డ్ తన పెట్టె తెరవబోతుంటే నేను ముందుకెళ్ళి, గోనెపట్టా విప్పి, హెర్మా చేతుల్లో పెట్టాను. "ఇది నీకు."

తను కర్రమీద చెయ్యేసి, ఆ చారలు చూసి గుర్తుపట్టింది. "నాన్న పలక" అంది. కళ్ళు తడయ్యాయి. రెండు చేతులమీదా తూచింది. "ఎంత తేలిగ్గా ఉంది ఎగిడ్." నేను ఒస్వాల్డ్ వైపు చూశాను. చూడాలి కదా మరి, ఏడాదంతా దానికోసమే ఏడ్చాను.

హెర్మా తుపాకి ఎత్తింది. ఎడమ భుజానికి.

చెంప ఆనే దిమ్మ అవతలి పక్కన ఉండిపోయింది. దవడకి ఉత్త కర్ర తగిలింది. కర్రలో కుడి భుజానికని నేను పెట్టిన వంపు ఆమె తలని పక్కకి తోసేసింది. దించి, మెల్లిగా కుడి భుజానికి పెట్టబోయింది. సగంలో పళ్ళు బిగించి ఆగిపోయింది.

"మూడేళ్ళయింది ఎగిడ్, ఎడమకి మార్చుకుని" అంది, నాకొక్కడికే వినపడేలా. "ఆ మరలమీద తుపాకి తన్నితే ప్రాణం పోతుంది."

పాత తుపాకికి కుడిపక్క వార్నీషు అరిగింది ఎడమ చెంప ఆనేనని అప్పుడు తెలిసింది. ఊళ్ళో ఎవరి చెంప ఏ పక్కన ఆనుతుందో చెప్పగలను, ఇంట్లో ఉన్న పెళ్ళాం సంగతి తెలీదు. ఎవరూ నవ్వలేదు. ఒస్వాల్డ్ వీపు తిప్పి, దూరంగా ఉన్న గురిబల్లని అదేపనిగా చూస్తున్నాడు. వాడు నవ్వినా బావుండేది.

వాడి పెట్టెలోంచి తీసిన తుపాకికి బోల్టు ఎడమ పక్కనుంది. హెర్మా ఎత్తింది, పేల్చింది. మూడు గుండ్లూ ఒక బొత్తాం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి.

అక్టోబరులో మోకాలికి పట్టీ కట్టుకుని తన వెనకే కొండెక్కాను. సంచి నాది, తుపాకి తనది. నాలుగు గంటలపాటు ఆమె ఎడమ భుజాన వేలాడుతున్న ఒస్వాల్డ్ పనినే చూస్తూ నడిచాను. ఎక్కడైనా ఒక్క వంక దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు, దరిద్రం.

రాతి అంచున నిలబడ్డ ముసలి కొండమేక ఒక్క గుండుకి కూలింది. ఆనవాయితీ ప్రకారం స్ప్రూస్ చెట్టు రెమ్మ ఒకటి దాని నోట్లో ఆఖరి మేతగా పెట్టాం. కొట్టినవాళ్ళ వంతుగా ఇంకోటి నేనే విరిచి, తీసిన నా టోపీమీద పెట్టి చాపితే, హెర్మా తీసుకుంది. కొత్త తుపాకితో మొదటి వేట అయితే ఆ రెమ్మలో సగం తుపాకి చేసినవాడిది. అది మా లోయ పద్ధతి. తను రెమ్మని రెండుగా చీల్చి, ఒకటి నాకు చాపింది.

ఒక్క క్షణం, ఒట్టు, నాకే అనుకున్నాను.

"దిగాక నువ్వే ఇవ్వు వాడికి" అంది.

ఇచ్చాను. ఇన్నేళ్ళలో ఆ కొట్టు తలుపు మెల్లిగా తట్టడం అదే మొదటిసారి. ఒస్వాల్డ్ తింటున్న రొట్టె పక్కన పెట్టి, టోపీ తీసి, రెమ్మని రెండు చేతుల్తో అందుకున్నాడు. తర్వాత సొరుగు లాగి, మడతపెట్టిన కాగితం ఒకటి నా ముందుకి జరిపాడు.

"ఆవిడ కొలతలు. ఆ వాల్‌నట్‌లో ఇంకా కర్ర మిగిలే ఉంటుంది కదరా నీ దగ్గర."

మిగిలింది. కాగితంకేసి చూశాను, చెయ్యి చాపలేదు.

"వద్దురా. కొలతలు నేనే తీసుకుంటాను" అన్నాను.

వీధి దాటి ఇంటికొచ్చాను. హెర్మా బూట్ల లేసులు విప్పుకుంటోంది, ఎడం చేత్తోనే.

"విప్పకు" అన్నాను. "ఓసారి కొట్లోకి రా. రెండు గంటలు నిలబడాలి."