బొడ్డు రక్తం

యేసుదానం దవాఖానాలో డీప్ ఫ్రీజరు మూత ఎత్తి, నాలుగు ఐసుప్యాకులు తీసి, ఒక్కొక్కదాన్నే చెవి దగ్గర ఊపి చూశాడు. నీళ్ళ చప్పుడు లేదు. రాళ్ళలా ఉన్నాయి. వాటిని టీకాలు మోసే నీలం డబ్బా నాలుగు గోడలకూ ఆనించి, మూత బిగించి, పట్టీ ఎడమ భుజానికి తగిలించుకున్నాడు. ఆ పట్టీ ఒరిసే చోట చర్మం నల్లబడి, కాడి మోసిన ఎద్దు మెడలా కాయ కాసింది.

నర్సు ప్రమీలారాణి అప్పుడే తాళాల గుత్తితో లోపలికి వచ్చింది.

"ఏంది అన్నా, బుధవారం పూట మందులు లేకుండ ఒట్టి డబ్బా ఎత్తినవ్? చల్లగాలి అమ్ముకొస్తవా?"

"కోడలు తెల్లారుజామున కన్నది సిస్టరమ్మా. పిలగాడు. బొడ్డు రక్తం ఖమ్మం తీస్కపోవాలె."

ఆమె నవ్వు ఆపేసింది. "మరి జల్దీ పో. టీకాలకు ఊర్లల్లకు నేనే పోత."

దుమ్ముగూడెం దారిలోని ఆ చిన్న సర్కారు దవాఖానాలో ఇరవై రెండేళ్ళుగా అతని పని అదే. వాగులు దాటి, అడవి దారుల్లో నడిచి, ఊరూరికీ టీకాల డబ్బా మోయడం. ఒక్క మందుసీసా పాడైందని అతని మీద ఎవరూ రాయలేదు. రాయడానికి అతని పేరు ఏ రిజిస్టరులోనూ సరిగ్గా లేదు. పోలియో చుక్కల సీసా మీద ఒక చిన్న తెల్లటి చదరం ఉంటుంది. వేడి తగిలితే నల్లబడుతుంది. అతని బతుకంతా ఆ చదరం తెల్లగా ఉంచడానికే సరిపోయింది.

మనవరాలు స్తుతికి ఎనిమిదేళ్ళు. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. తలసేమియా అన్నారు. ఇరవై రోజులకోసారి ఖమ్మంలో ఎవరిదో రక్తం ఎక్కించుకొస్తుంది. ఎక్కించిన ప్రతిసారీ ఇనుము కొంచెం ఒంట్లో మిగిలిపోతుంది. హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరు ఒకాయన కాగితం మీద గుండ్రాలు గీసి చెప్పాడు. పుట్టబోయే బిడ్డ బొడ్డుతాడు రక్తంలో మూలకణాలుంటాయి, అవి అక్కకు కలిస్తే ఆమె ఒంట్లో కొత్త రక్తం పుట్టించవచ్చు. కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. కలిసినా కణాలు సరిపడా ఉండాలి, బతికుండాలి, పిల్ల ఒళ్ళు వాటిని ఒప్పుకోవాలి. "మేమూ ఇంకా నేర్చుకుంటున్నాం" అన్నాడాయన. అంత పెద్ద డాక్టరు ఆ మాట అనడం యేసుదానానికి నచ్చలేదు.

భద్రాచలంలో కాన్పుగది బయట కొడుకు క్రాంతికుమార్ తెల్లటి థర్మాకోలు పెట్టె చేతిలో పెట్టాడు.

"భద్రం నాయనా. ఎండ తగలనీయొద్దన్నరు."

"నాకు చెప్తున్నవారా?" అన్నాడు యేసుదానం.

బస్టాండు నీడలో కూర్చుని పెట్టె తెరిచాడు. ముదురు ఎరుపు రక్తసంచి. దానికి అటూ ఇటూ జిగురు నింపిన రెండు ప్యాకెట్లు మెత్తగా, చల్లదనం లేకుండా ఉన్నాయి. పైన నాలుగు మడతల ఇంగ్లిషు కాగితం. అడవి అంచున తిరిగేవాడి చేతికి వచ్చే కాగితం ఎప్పుడూ ఇంగ్లిషులోనే ఉంటుంది. అతను ఐదో తరగతిలో బడి మానేశాడు. సంచిని అటూ ఇటూ తిప్పి చదరం కోసం వెతికాడు. లేదు.

"ప్యాకులు గడ్డకట్టియ్యకుండనే పంపిండ్రు. పని చేతగానోళ్ళు" అనుకున్నాడు. మే నెల, పొద్దున తొమ్మిదికే తారు మెత్తబడుతోంది. కాగితం జేబులో పెట్టుకుని, మెత్తటి ప్యాకెట్లు తీసి చేతిసంచిలో వేసుకున్నాడు. రక్తసంచిని తన నీలం డబ్బాలో, నాలుగు ఐసుప్యాకుల నడుమ దింపి మూత బిగించాడు.

బస్సులో కండక్టరు డబ్బాను కాలితో జరపబోయాడు.

"ఏముంది పెద్దాయనా ఇండ్ల? చేపలా?"

"మా పిలగాని బొడ్డు రక్తం. వాళ్ళ అక్క కోసం."

కండక్టరు కాలు వెనక్కి తీసుకుని, డబ్బా పట్టేలా ముందు సీటు ఖాళీ చేయించాడు. నాలుగు గంటలు యేసుదానం దాన్ని ఒడిలోనే పెట్టుకున్నాడు. తొడలు తిమ్మిరెక్కాయి. కదల్లేదు.

ఖమ్మంలో రక్తం తీసుకోవలసిన టెక్నీషియన్ మురళీకృష్ణ మూత తీశాడు. తెల్లటి ఆవిరి లేచింది. సంచి పలకలా బిర్రబిగిసి ఉంది.

"ఐసు ఎవరు పెట్టారండీ?"

"నేనే సార్. వాళ్ళు మర్చిపోయిండ్రు."

మురళీకృష్ణ సంచిని బల్ల మీద పెట్టాడు. చిన్న చప్పుడైంది.

"మర్చిపోలేదు. ఇది గడ్డకట్టకూడదు. గడ్డకడితే లోపల కణాలు పగిలిపోతాయి."

"హైదరాబాదుల గడ్డకట్టిచ్చే దాస్తరంట గద సార్?"

"దాస్తారు. ముందు మందు కలిపి, నిమిషానికో డిగ్రీ చొప్పున దింపుతారు. ఆ కాగితంలో అంతా రాశారు."

యేసుదానం జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. మురళీకృష్ణ దాన్ని విప్పలేదు. సంచి మీద మంచు కరిగి బల్ల తడిసింది.

"హైదరాబాదు పంపిస్తాను. వాళ్ళు చూసి చెబుతారు. మీరు భోజనం చేశారా?"

"తిన్న సార్" అన్నాడు. తినలేదు.

చీకటి పడే వేళకు ఇల్లు చేరాడు. భార్య సంపూర్ణ నీళ్ళ చెంబు ఇచ్చింది. స్తుతి నులక మంచం మీద నుంచి లేవకుండానే అడిగింది.

"తాతా, తమ్మునిది నాకు కలిసిందా?"

"ఇంకా తెల్వది బిడ్డా. చూస్తరంట."

"తమ్ముడు ఎర్రగున్నడా?"

"నేను జూడలే."

తొమ్మిది రోజులకు దవాఖానాకు ఫోను వచ్చింది. ప్రమీలారాణి రాసుకుని, బయటికి వచ్చి చదివింది. పిల్లవాడి రక్తం అక్కకు పూర్తిగా కలిసింది. నూటికి మూడు కణాలు కూడా బతికి లేవు. పిల్లవాడు రెండేళ్ళవాడయ్యాక ఎముక మజ్జ తీసి చూడవచ్చు, అందాకా రక్తం ఎక్కిస్తూ ఉండండి.

"కలిసిందా?" అన్నాడు యేసుదానం.

"అవ్ అన్నా. కలిసింది."

అతను తలాడించి, ఐసుప్యాకుల్లో నీళ్ళు నింపడానికి వెళ్ళాడు. అంతకు ముందు ఇంట్లో కోడలు అక్సా అన్నం పెట్టేటప్పుడు పళ్ళెం చేతికిచ్చేది. తర్వాత తర్వాత నేల మీద పెట్టి పోయేది.

మరుసటి ఏడు జూలైలో స్తుతి పోయింది. గుండెలో ఇనుము పేరుకుపోయిందన్నారు. తమ్ముడికి అప్పటికి పద్నాలుగు నెలలు. యేసుదానం రెండు రోజులు ఇంటి దగ్గర ఉండి, శనివారం డబ్బా ఎత్తుకుని టీకాలకు పోయాడు.

ఆ సాయంత్రం సంపూర్ణ పిల్ల మంచాన్ని ఎండలోంచి లోపలికి ఎత్తబోతే, అతను రెండో వైపు పట్టుకున్నాడు. తల వైపు కోడు చేతికి గరుకుగా తగిలింది. వంగి చూశాడు. రక్తం ఎక్కించుకొచ్చిన ప్రతిసారీ చేతి మీద నుంచి పీకిన ప్లాస్టరు ముక్కల్ని ఆ పిల్ల ఎప్పుడు అంటించేదో, కోడు చుట్టూ ఒకదాని మీద ఒకటిగా ఉన్నాయి. అడుగువి మట్టిరంగుకు తిరిగాయి, అన్నిటికన్నా పైది ఇంకా తెల్లగానే ఉంది.