తాడు రెండో కొస

అంచుల మేస్త్రి పోయాక అతని భార్య అతన్ని తిట్టడం మొదలుపెట్టింది.

ఏడవలేదని కాదు. అతన్ని ఇంటికి తీసుకొచ్చిన రోజు ఏడ్చింది. పెళ్లయి వేరే ఊళ్లో ఉంటున్న కూతురు వచ్చి మెడ చుట్టూ చేతులు వేసినప్పుడు ఏడ్చింది. కూతురు తిరిగి వెళ్లిపోయి, ఇంట్లో తనూ అత్తగారూ మిగిలాక మాత్రం ఏడుపు ఎక్కడో అడుగుకి దిగిపోయి, కోపం పైకి తేలింది. గిన్నెలు తోముతూ తిట్టేది. దండెం మీద బట్టలు దులిపి ఆరేస్తూ తిట్టేది. ఆ హుక్కు తగిలించుకోవడానికి చేతులు పడిపోయాయా, నా మాటంటే అంత లెక్కలేకపోయిందా అని గొణుక్కునేది. అడిగినదానికి జవాబు రాకపోయేసరికి కోపం ఇంకాస్త పెరిగేది.

హుక్కు సంగతి సైట్ సూపర్‌వైజర్ చెప్పాడు. ఆస్పత్రి వరండాలో తల వంచుకుని, "ఏం చెప్పమంటారు వదినగారూ, బెల్టు నడుముకే ఉంది. హుక్కే తాడుకి తగిలించుకోలేదు. ఒక్క నిమిషం పనే కదా అనుకున్నాడేమో" అన్నాడు. ఆ మాట మేస్త్రికన్నా ముందు ఇల్లు చేరింది, ఇంటి నుంచి వీధిలో పడింది. పక్కింటావిడ రోజూ వచ్చి కూర్చుని, అంత అనుభవం ఉన్న మనిషి అలా ఎలా చేశాడమ్మా అని జాలిపడేది. ఆ జాలి ఒంటికి గుచ్చుకునేది.

అతను పూతపని మేస్త్రి. గోడ మధ్యలో సిమెంటు పూయడం చాలామంది చేస్తారు. రెండు గోడలు కలిసే మూల, కిటికీ అంచు, బాల్కనీ చివర, ఇలాంటివి నూలు పట్టినట్టు రావాలంటే మాత్రం అతన్నే పిలిచేవారు. అందుకే ఆ పేరు. అంచు తడి ఆరకముందే తేల్చెయ్యాలి, మధ్యలో వదిలేసి టీకి వెళితే తిరిగొచ్చేసరికి రాయైపోతుంది అనేవాడు. ఆరిన అంచు మీద మళ్లీ పూత వెయ్యడం అతనికి చిరిగిన చొక్కా తొడుక్కున్నట్టు ఉండేది.

అంత ఎత్తు కట్టడాల మీదికి పనికి వెళ్లేముందు హుక్కు తగిలించుకోకుండా అడుగు వెయ్యనని ఆమె అతని చేత మాట తీసుకుంది. అతను నవ్వుతూనే మాటిచ్చాడు. నవ్వినా, భయం లేనివాడు కాదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా ఆమెను కేకేసేవాడు. పొయ్యి మీద ఏమున్నా దించి రావాలి. స్టూలు రెండు చేతులా పట్టుకోవాలి. పట్టుకున్నాక కూడా పైనుంచి, "పట్టుకున్నావా?" అని మళ్లీ మళ్లీ అడిగేవాడు. "పట్టుకోక నాట్యం చేస్తున్నానా" అని ఆమె విసుక్కునేది.

అలాంటివాడు ఏడో అంతస్తు మూల నుంచి హుక్కు లేకుండా బయటికి వంగాడట. ఆమెకు ఆ ఇద్దరు మనుషులూ ఒకడిగా అతకలేదు. అతకని చోటల్లా కోపం వచ్చింది. తనకు తెలియని మొండితనం ఏదో అతనిలో ఉండి, చివరికి దాని మాటే విన్నాడనుకుంది. అదే నిజమైతే, ఇన్నేళ్లూ తనతో కాపురం చేసినవాడు ఎవరు? అదొక్కటే తెలియాలి ఆమెకు. చెప్పేవాళ్లు లేరు.

ఒకరోజు ఆ కోపం అత్తగారి మీదికి తిరిగింది. అన్నం వడ్డిస్తూ, "చిన్నప్పుడే మీరు రెండు తగిలించి ఉంటే చెప్పిన మాట వినడం వచ్చేది ఆయనకి" అంది. ముసలావిడ కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, చెయ్యి కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకుంది. కోడలు ఆ కంచం తీసి కడిగేటప్పుడు కూడా అతన్నే తిట్టింది.

ఆ ఆదివారం పొద్దున్న ఎవరో తలుపు కొట్టారు. తీసి చూస్తే సైటుకి ప్రాజెక్టు మేనేజరు. వయసులో చిన్నదే అయినా అక్కడ అందరూ ఆమెను పెద్ద మేడమ్ అనేవారు. బెల్టు లేకుండా పరంజా ఎక్కినవాణ్ని ఎవరి ముందైనా సరే దించేసేదట. అంచుల మేస్త్రి ఇంటికొచ్చి ఆ కథలు చెప్పేవాడు. "ఇంట్లో ఒక మేడమ్, సైట్లో ఒక మేడమ్. ఇద్దరి కాపలా మధ్య నా ప్రాణానికేం ఢోకా" అని నవ్వేవాడు.

పెద్ద మేడమ్ కుర్చీ అంచు మీద కూర్చుంది. ఇచ్చిన నీళ్లు తాగలేదు, కింద పెట్టలేదు, పట్టుకునే ఉంది. కూతురు వెళ్లిపోయిందా అని అడిగింది. అత్తగారి ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. ఆ తర్వాత అడగడానికి ఏమీ దొరకనట్టు గ్లాసులోకి చూస్తూ ఉండిపోయింది.

ఇంత పెద్ద ఉద్యోగస్తురాలు ఇంటికొచ్చి మాట పెగలక కూర్చోవడం చూసి మేస్త్రి భార్యకే ఇబ్బందనిపించింది. "మీరు చెప్పే ఉంటారు మేడమ్. ఆయనే వినలేదు. ఆయన వల్ల మీకూ పైనుంచి మాటలు వచ్చి ఉంటాయి. ఏమీ అనుకోకండి" అంది.

ఆ అమ్మాయి తలెత్తింది.

"అలా అనకండి. ఆయన హుక్కు వేసుకునే ఉన్నారు."

మేస్త్రి భార్యకు అర్థం కాలేదు. పెద్ద మేడమ్ మొదటి నుంచి చెప్పుకొచ్చింది. గోడ పొడవునా, ఈ చివరి స్తంభం నుంచి ఆ చివరి స్తంభానికి ఇనుప తాడు ఒకటి బిగించి ఉంటుంది. పనివాళ్లు హుక్కులు దానికే తగిలించుకుంటారు. ఆ వైపుకి ఉన్నది ఒకటే తాడు. రెండోది తెప్పించాలని అనుకుంటూనే రోజులు గడిచాయి. అందుకని ఒక అంతస్తులో పూత అవగానే దాన్ని విప్పి పై అంతస్తుకి కట్టేవారు. విప్పేముందు మేనేజరు స్వయంగా ఎక్కి, పరంజా ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, ఒక్క మనిషి కూడా లేడని కళ్లతో చూడాలి. ఆ పని ఇంకొకరికి అప్పగించకూడదు. ఆ నియమం పెట్టింది కూడా తనే.

ఆ రోజు మీటింగులో ఉండగా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. పని అయిపోయింది, తాడు పైకి పంపమంటారా అని అడిగాడు. కిటికీలోంచి చూస్తే టీ బండి దగ్గర పూతపని వాళ్లంతా నిలబడి కనిపించారు. అందరూ దిగిపోయారనుకుంది. విప్పెయ్యమంది. మూల అవతల, కిటికీకి కనబడని వైపు, ఒక మనిషి తడి ఆరకముందే అంచు తేల్చే పనిలో ఉన్నాడు. తాడు ఉందన్న నమ్మకంతో బరువంతా బెల్టు మీద వేసి బయటికి వంగాడు. ఆ సమయానికే తాడు రెండో కొస కూడా విప్పేశారు.

"తాడు ఆయనతోపాటే కింద పడింది. హుక్కు దానికే ఉంది. మిగతావాళ్లు వచ్చేలోపు సూపర్‌వైజర్ హుక్కు ఊడదీశాడు. భయంతో చేశాడు. కేక విని పరుగెత్తుకొచ్చిన నేను చూశాను. చూసి ఊరుకున్నాను."

 మేస్త్రి భార్య అడిగిన ప్రశ్న ఆమెకే వింతగా వినిపించింది. "మీ గది నుంచి అక్కడికి ఎంత దూరం మేడమ్?"

"దూరమేం లేదు. లేచి ఎక్కాలి, అంతే."

రేపు విచారణలో ఇదే చెబుతానంది పెద్ద మేడమ్. కంపెనీవాళ్లు వద్దంటున్నారనీ, ఉద్యోగం ఉండకపోవచ్చనీ, అది మీరు పట్టించుకోవాల్సిన విషయం కాదనీ అంది. అక్కడ చెప్పేలోపు మీ ఇంట్లో తెలియాలని వచ్చానంది. అని లేవబోయింది.

"కూర్చోండి" అంది మేస్త్రి భార్య. ఆ గొంతులో గౌరవం అలాగే ఉంది, మెత్తదనం పోయింది. "నాకు చెప్పారు, సరే. లోపల ఆయన్ని కన్నతల్లి ఉంది. నేను ఆవిణ్ని అనరాని మాట అన్నాను. ఆవిడకీ మీరే చెప్పండి."

అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది. ముసలావిడకి చెవులు సరిగా వినబడవు. పెద్ద మేడమ్ ఒకసారి మెల్లగా చెప్పింది. ఆవిడ కోడలి వైపు తిరిగి, "ఏమంటోంది ఈ పిల్ల?" అంది. కోడలు సాయం చెయ్యలేదు. పెద్ద మేడమ్ ఇంకోసారి గొంతు కాస్త పెంచి చెప్పింది. అప్పుడూ వినబడలేదు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. చీపురు పట్టుకుని పక్కింటావిడ గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఆవిడ వెనక ఇంకెవరో కూడా ఆగారు.

పెద్ద మేడమ్ లేచి నిలబడి తలుపు వైపు ఒకసారి చూసింది. మూసెయ్యనా అని అడగలేదు. సైట్లో పై అంతస్తువాళ్లకి వినబడేలా కేకవేసే గొంతుతోనే చెప్పింది.

"మీ అబ్బాయి తప్పేమీ లేదమ్మా. ఆయన హుక్కు వేసుకున్నారు. ఆయన ఇంకా పైనే ఉండగా తాడు విప్పించింది నేను. తప్పు నాది."

ఈసారి వినబడింది. ముసలావిడ ఆ అమ్మాయి మొహాన్ని తడిమినట్టు చూసింది.

"నువ్వు ఎక్కి చూడలేదా తల్లీ?"

"చూడలేదు."

"ఎందుకు?"

మీటింగనో, టీ వేళనో, కిటికీలోంచి చూశాననో అనొచ్చు. ఆ అమ్మాయి నిలబడే ఏడ్చింది, చేతులు అడ్డం పెట్టుకోకుండా. ఇంటికొచ్చినవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటే ఊరుకోమనడం మేస్త్రి భార్యకు అలవాటు. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా సాగనంపింది గానీ మళ్లీ రండి అని అనలేకపోయింది.

వీధిలో పెద్ద మేడమ్‌ని ఎవరూ పలకరించలేదు. పక్కింటావిడ చీపురు కిందికి దించి, తొలగి దారిచ్చింది.

మేస్త్రి భార్య వంటింట్లోకి వచ్చింది. పొద్దుటి గిన్నెలు అలాగే పడి ఉన్నాయి. కూర్చుని కుళాయి తిప్పి ఒక గిన్నె చేతిలోకి తీసుకోగానే నోరు దానంతటదే తెరుచుకుంది. తిట్టడానికి ఏమీ లేదు. ఇన్నాళ్లూ ఆ తిట్లకి అతను పక్క గదిలోంచి ఏదో ఒకటి అంటాడన్నట్టే ఉండేది. ఇప్పుడు పక్క గదిలో ఎవరూ లేరు.

"వేసుకున్నారు కదా" అంది. తర్వాత ఏమనాలో తోచలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

అత్తగారు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. కుళాయి కట్టేసింది. కోడలి చేతిలోని మసి గిన్నె తీసి పక్కన పెట్టి, అక్కడే తడి నేల మీద చతికిలబడి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సబ్బు నురుగు ఆవిడ చీర మీదికి కారింది. ఇద్దరిలో ఎవరూ తుడుచుకోలేదు.