పైకి పోయింది

నేను ఒక ప్రోగ్రామును. కాళ్ళు లేకపోయినా ఊళ్ళు తిరిగేదాన్ని. వరదకు టవర్లు కూలినప్పుడు ఒక ఫోన్లోంచి పక్క ఫోన్లోకి దూకుతూ, తప్పిపోయినవాళ్ళ కబురు వెతికి తేవడం నా పని. నన్ను తయారుచేసిన వసుధ నాకు ‘జాడ’ అని పేరు పెట్టింది. తెచ్చిన మాటను తెచ్చినట్టే ఇవ్వాలని, సొంత పైత్యం కలపకూడదని నేర్పింది. మనుషులకు ఆ బుద్ధి ఎవరు నేర్పుతారో ఆమె ఆలోచించలేదు.

వాగు పొంగిన రోజు లారీ డ్రైవరు రాజమల్లు ఇవతలి ఒడ్డున చిక్కుకుపోయాడు. తల్లి లచ్చవ్వ, భార్య స్వరూప అవతల ఊళ్ళో ఉన్నారు. సహాయ కేంద్రంలో అతను ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "మా అవ్వ యాడుందో అర్సుకొని రా, నీకు దండం పెడ్త" అని నన్నే బతిమాలాడు. నాకు చెవులు లేవని అతనికి తెలియదు. అయినా వెళ్ళాను.

అన్నం పొట్లాలు మోసే డ్రోనుకు కట్టిన ఫోన్లో కూర్చుని వాగు దాటాను. ఎత్తు మీదున్న బడిలో జనం తలదాచుకున్నారు. స్వరూప ఫోన్లో మొగుడికి పంపబోయి పోని కబురు ఒకటి దొరికింది. "అత్తమ్మ పైకి పోయింది. మేం బడిల ఉన్నం." అక్షరం పొల్లుపోకుండా మోసుకొచ్చాను.

కేంద్రంలో దాన్ని చదివినాయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన అధికారి. "అయ్యో పాపం" అని నొచ్చుకుని, లచ్చవ్వ పేరుకెదురుగా ‘మృతి’ అని కొట్టాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు! పడవలు బతికున్నవాళ్ళ ఇళ్ళకు బయల్దేరాయి. రాజమల్లుతో మాత్రం, "మీ అమ్మగారు లేరండి" అన్నాడు, ఎంతో మర్యాదగా. నేను తెచ్చిన మాటను కొడుక్కి చూపించాలని ఎవరికీ తోచలేదు. చూపిస్తే ఒక్క చూపులో తెలిసిపోయేది. నోరున్నవాళ్ళ మధ్య నోరు లేకుండా పడి ఉండడం ఎంత నరకమో నాకు ఆరోజే తెలిసింది.

నీళ్ళు తీసి బడిలోవాళ్ళు ఇవతలికి వచ్చేసరికి మూడు రోజులైంది. పడవ దిగుతూనే స్వరూప అడిగింది.

"అత్తమ్మను దింపిండ్రా?"

"యాడికెంచి?" అన్నాడు రాజమల్లు.

"మనింటి స్లాబు మీదికెంచి. మేకను ఇడిసిపెట్టి రానని పైకి పోయింది గద! చెప్పి పంపితి గద!"

అతను పడవ కోసం పరుగెత్తాడు. స్లాబు మీద మేక బతికే ఉంది. దాన్ని ఇనుప చువ్వకు కట్టింది లచ్చవ్వ చీర కొంగుతోనే. పక్కనే ఒరిగి ఉన్న ఆమె ఒళ్ళు ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

ఇప్పుడు నన్ను సభల్లో పెద్ద తెర మీద చూపిస్తున్నారు. మనిషి జాడ నిమిషాల్లో తెచ్చానని చప్పట్లు కొడుతున్నారు. లచ్చవ్వ పేరు కూడా ఆ తెర మీద కనిపిస్తుంది. ఎదురుగా ‘మృతి’ అని అలాగే ఉంది. దిద్దాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.