రుక్మాబాయి నేర్పిన ముడి

రుక్మాబాయికి చదువు నేర్పింది బడి కాదు, బియ్యం బస్తాలు. మిర్యాలగూడ రైసుమిల్లులో ముప్పై ఏళ్లు వడ్లు ఆరబోస్తూ, బస్తాల మీది పేర్లు ఒక్కో అక్షరమే కూడబలుక్కుని, చివరికి లారీల వెనక రాతలు కూడా తడుముకోకుండా చదవగలిగింది. ఇప్పుడు ఈ వయసులో ఆమె ఒళ్లో ఒక సన్నటి పుస్తకం ఉంది. మనవరాలు నందిని బడి నుంచి తెచ్చింది.

నందినికి ఏడేళ్లు. ఈ ఏడే బుల్బుల్‌లో చేరింది. స్కౌట్లలో చిన్న ఆడపిల్లల జట్టు అది. మొదటి బ్యాడ్జి రావాలంటే ప్రతిజ్ఞ అప్పజెప్పాలి, ఎడమచేత్తో కరచాలనం చేయాలి, తాడుతో ముడి వేసి చూపాలి. రోజుకో మంచి పని చేసి నోటుబుక్కులో రాసి, ఇంట్లో పెద్దవాళ్లతో సంతకం పెట్టించుకోవాలి.

"ఎడమచెయ్యా? ఎడమచెయ్యి ఎవలన్న ఇస్తరే పిల్లా?"

"గుండె ఎడమ దిక్కే ఉంటది గద దాదీ. కృప టీచర్ చెప్పింది."

"మీ టీచర్ తాన దేనికైనా జవాబుంటది. ఏదీ, నా మోకాళ్లెందుకు నొస్తున్నయో అడుగు రేపు."

నందిని నవ్వింది. రుక్మాబాయికి మాత్రం నవ్వు నిలవలేదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు జగన్ లోడు లారీతో సూర్యాపేటకు పోయి తిరిగి రాలేదు. హైవే మీదే ప్రాణం పోయింది. అప్పటికి ఈ పిల్లకు పది నెలలు. కోడలు స్రవంతి, పిల్ల ‘యాడి’ అని పిలుచుకునే అమ్మ, నాలుగేళ్ల కిందట కోదాడలో ఒక దవాఖానలో పనికి కుదిరింది, పిల్ల నాయనమ్మ దగ్గరే పెరిగింది. పోయిన వేసవిలో స్రవంతి మళ్లీ పెళ్లి చేసుకుంది. చేసుకొమ్మని ముందుగా చెప్పింది రుక్మాబాయే. అతను మంచివాడు, పిల్లను తెచ్చుకుందామని తనే అన్నాడు.

"ఇప్పుడే తీసుకెళ్దామనుకున్నా అత్తా," అంది స్రవంతి ఫోనులో. నాలుగేళ్లలో ఆమె మాట కోదాడ మాటయిపోయింది. "కానీ ఆ బ్యాడ్జి కోసం పిల్ల కలవరిస్తోంది. అది రానీ, ఆ రోజే వచ్చి తీసుకెళ్తా."

అంటే బ్యాడ్జి వచ్చే రోజూ, పిల్ల పోయే రోజూ ఒకటే.

ఎవరైనా ఊరికి బయలుదేరితే రుక్మాబాయి కొంగు చివర ముడి వేసుకునేది. మనిషి తిరిగొచ్చి గడపలో కాలు పెట్టాకే విప్పేది. తండాలో వాళ్లమ్మకు ఉన్న అలవాటు అది. జగన్ సూర్యాపేటకు పోయిన నాడు వేసిన ముడి ఇప్పటికీ అలాగే ఉంది. ఆ చీర ట్రంకుపెట్టె అడుగున ఉంది.

నందినికి ఆమె నేర్పింది ఆ ముడే. కుడి కొస ఎడమ దాని మీదుగా తిప్పి, మళ్లీ కుడి కొసే మీదికి తెచ్చి లాగడం. లాగేకొద్దీ బిగుసుకుంటుంది, గోళ్లు విరిగినా రాదు.

మర్నాడు పిల్ల బడికి పోయాక, గడపలో వెలుతురుకు కూర్చుని పుస్తకం తెరిచింది. బొమ్మలో ముడి వేరుగా ఉంది. రెండోసారి ఎడమ కొస మీదికి రావాలి. కింద రాసి ఉంది: గాయాలకు కట్టు కట్టేది ఈ ముడితోనే, గట్టిగా పట్టి ఉంటుంది, విప్పేటప్పుడు నొప్పి పెట్టదు. మూడుసార్లు చదివింది. పుస్తకం మూసి గూట్లో పెట్టేసింది.

సాయంత్రం నందిని తాడు చూపించింది. "సరిగ్గ ఉన్నదా దాదీ?"

"మంచిగనే ఉన్నది బిడ్డా," అంది రుక్మాబాయి.

శనివారం ముడి పరీక్ష అయ్యాక నందిని తలొంచుకుని ఇంటికొచ్చింది.

"అందరికి అయింది. నాకొక్కదానికే కాలే. వచ్చే శనివారం మల్ల చెయ్యాలంట."

రుక్మాబాయి గుండె ముందుగా తేలికపడింది. ఇంకో వారం దొరికింది. ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. పిల్ల నోటుబుక్కు ముందుకు తోసింది. ఆమె కళ్లద్దాలు సవరించుకుని చదివింది. గురువారం: కోడిపిల్లలకు నీళ్లు పెట్టిన. శుక్రవారం: దాదీ సూదిల దారం ఎక్కిచ్చిన. శనివారం: ముడి ఎవరు నేర్పిన్రు అని టీచర్ అడిగింది. దాదీ పేరు చెప్పలే.

కింద సంతకానికి జాగా ఖాళీగా ఉంది. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"నాకు ఎరుకేనే బిడ్డా," అంది. "పుస్తకంల సూసిన. తప్పని తెలిసీ చెప్పలే."

"ఎందుకు?"

"బ్యాడ్జి వస్తే మీ యాడి నిన్ను తీస్కపోతది గద."

నందిని తాడు కొసను పీకింది. నాయనమ్మ మొహం వైపు చూడకుండా అంది, "నాకు యాడి తాన ఉండాలని ఉన్నది దాదీ. నీ తాన గూడ ఉన్నది."

రుక్మాబాయి కళ్లు తుడుచుకుంది. "ఇగ తాడు తే. ఎడమది మీదికి రావాలె, సూడు."

వారమంతా మంచం కోడుకు, బకెట్ పిడికి, ఆమె బొటనవేలికి కూడా ముడులు పడ్డాయి.

తర్వాతి శనివారం కృప టీచర్ ముడిని లాగి చూసి, రెండు కొసలూ దగ్గరికి నెట్టి విప్పి, తలూపింది. స్కార్ఫు కట్టింది, బ్యాడ్జి పెట్టింది. నందిని టీచర్‌కు ఎడమచెయ్యి ఇచ్చి, పరుగున వచ్చి నాయనమ్మ ముందూ ఎడమచెయ్యి చాపింది. రుక్మాబాయి ఈసారి అడగకుండానే తన ఎడమచెయ్యి అందించింది.

గేటు దగ్గర స్రవంతి సంచీతో నిలబడి ఉంది.

తండాలో ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు మెడ పట్టుకుని పాడుతూ ఏడుస్తారు. తనను అలాగే పంపారు. బస్టాండులో ఆ పాట గొంతు దాకా వచ్చింది. పిల్ల బెదురుతుందని మింగేసింది. స్రవంతి చేతులు రెండూ పట్టుకుని, "పొద్దుగాల నీళ్ల డబ్బా మర్చిపోతది, యాద్ చెయ్యి," అని మాత్రం అంది.

కోదాడ బస్సు కదలబోతుండగా రుక్మాబాయి కొంగు చివర పట్టుకుంది. నందిని కిటికీలోంచి తల బయట పెట్టింది. "దాదీ, ఎట్ల కడుతున్నవ్? సూపెట్టు!"

కుడిది మీదికి ఒకసారి. ఆగింది. ఎడమది మీదికి తెచ్చింది. కొంగు ఎత్తి చూపించింది. పిల్ల చెయ్యి చాపి, టీచర్‌లాగే కొసలు లాగి చూసింది.

"పాస్!" అంది.

బస్సు వెళ్లిపోయింది. ఇది నెడితే విడిపోయే ముడి అని రుక్మాబాయికి తెలుసు. పిల్ల మళ్లీ వచ్చేదాకా విప్పేది కాదని, దాన్ని తాకకుండానే ఇల్లు చేరింది.