నీళ్లు వెనక్కి వస్తాయా

మా అబ్బాయి నోటి పరీక్ష తప్పి ఇంటికొచ్చిన రోజు నేను అడిగిన మొదటి మాట, "ఒంట్లో బాగానే ఉందా?" అని. రెండో మాట, "దారిలో ఏమైనా అయ్యిందా?" అని. పరీక్ష పోయిందని చెప్పడానికి వాడికి సందు దొరికేసరికి కోడలు కంచం కూడా పెట్టేసింది.

వాడు ప్లంబరు. చేతిలో పానా లేకుండా ఎవరికీ కనిపించడు కనుక వీధిలో అందరూ వాణ్ని పానా అనే పిలుస్తారు. పెళ్లి కాకముందు నుంచీ ఒక ముసలి మేస్త్రి దగ్గర పనిచేస్తున్నాడు. లైసెన్సు మేస్త్రిది, చెమట వీడిది. ఇప్పుడు మోకాళ్లు అరిగి మేస్త్రి పని మానుకున్నారు. సొంత లైసెన్సు లేనివాడు వీధి గొట్టం మీద చెయ్యి వేయకూడదని నిబంధన. చేతిపని పరీక్ష నవ్వుతూ గట్టెక్కాడు. నోటి పరీక్షే తన్నింది. ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే మళ్లీ మొదటి నుంచి శిక్షణ, అంతదాకా ఇంకొకడి వెనకాల గొట్టాలు మోసే కూలి.

"ఏమడిగార్రా?" అన్నాను.

"కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, కొస బకెట్లో ముంచి ఉంచారు. దాంట్లో ప్రమాదమేమిటి అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ లేదన్నాను. బకెట్ నిండుతుంది, అంతే కదా. ఆయన 'ఒకవేళ' అని ఏదో మొదలుపెట్టాడు. అలా జరగదు సార్ అన్నాను. తరువాతి వాణ్ని పిలిచాడు."

"అన్నిటికీ అదే మాట," అంది కోడలు. "గొడుగు పట్టుకెళ్లండి అంటే అలా జరగదంటారు. తడిసి ముద్దయి వస్తారు."

నేను మాత్రం ఆలోచనలో పడ్డాను. గొట్టం, బకెట్, నీళ్లు. వీధి తలుపు చప్పుడైతే ఏం కబురో అనుకుంటాను, చప్పుడు కాకపోతే ఎందుకు కాలేదా అనుకుంటాను. తాడు కనిపిస్తే పాము, పాము కనిపించకపోతే మంచం కింద ఉందేమోనని అనుమానం. అలాంటిదాన్ని, రోజూ మా స్నానాల గదిలో నా చేత్తోనే ముంచిపెట్టే ఆ గొట్టంలో నాకు ఏ ప్రమాదమూ తట్టలేదు. పంటి కింద రాయిలా ఉంది నాకు.

"గొట్టంలోకి బల్లి దూరుతుందేమో?"

"అమ్మా, నన్ను తిననీ."

"పోనీ కరెంటు?"

"నీళ్ల కుళాయికి కరెంటేమిటి?"

మర్నాడు వాణ్ని లాక్కుని మేస్త్రి ఇంటికి వెళ్లాను. ఆయన కాళ్లు చాపుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. సంగతంతా విని, "బకెట్లో నీళ్లు వెనక్కి వస్తాయి," అన్నారు. "గొట్టం పట్టుకుని పైకెక్కి, తాగే నీళ్లలో కలుస్తాయి."

"మేస్త్రిగారూ, నీరు పల్లమెరుగు అంటారు. పైకెలా ఎక్కుతుంది?"

"నేను చెప్తే మీరు సగం నమ్ముతారు, వాడసలే నమ్మడు. మీ ఇంట్లో బట్టలకు పెట్టే నీలిమందు ఉందా?"

"ఉంది."

"అయితే నన్నడగడమెందుకు? ఏం చెయ్యాలో చెప్తాను, దాన్నే అడగండి."

మా వంటగది కింద, స్నానాల గది మేడ మీద. ఆయన చెప్పినట్టే మేడ మీద బకెట్ నిండా నీళ్లు పట్టి, చిక్కగా నీలిమందు కలిపాం. కుళాయి గొట్టం కొస అందులో ముంచాం. దాని కాపలా నాది. కోడలు తెల్ల గిన్నె పట్టుకుని కింద వంటగదిలో నిలబడింది. వాడు వాకిట్లోకి వెళ్లి వీధి నుంచి వచ్చే నీళ్లు కట్టేసి, "తెరువు," అని కేక వేశాడు. కోడలు కుళాయి తిప్పింది. గొట్టాల్లో మిగిలిన మంచినీళ్లు కాసిని కారి ఆగిపోయాయి.

"చూశావా, అలా జరగదు," అంటూ మెట్లెక్కి వచ్చాడు. వచ్చి నా వైపు చూశాడు. "ఇక్కడ కుళాయి ఎవరు కట్టేశారు?"

"నేనే. తెరిచిపెడితే నీళ్లు పోవూ?"

"నీళ్లు ఆపేశాను కదమ్మా."

"ఒకవేళ మళ్లీ వస్తే?"

వాడు కట్టేసిన కుళాయినీ బకెట్లో మునిగిన గొట్టాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఎవరి ఇంట్లోనైనా అంతే," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. "నీళ్లు ఆగిపోతాయి. కుళాయి తెరిచి ఉన్న సంగతి మరిచిపోతారు."

మళ్లీ నీళ్లు వదిలి, బకెట్ సరిచేసి, ఈసారి కుళాయి తెరిచే ఉంచి నన్ను దూరంగా నిలబెట్టాడు. నేను దూరంగా ఉండలేక గొట్టం పట్టుకున్నాను. కిందనుంచి వాడి కేక వినిపించింది. గొట్టం నా చేతిలో సన్నగా వణికింది. చూస్తుండగానే బకెట్లో నీళ్లు దిగాయి, బకెట్ లోపలి అంచున నీలి గీత మిగిలింది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ తోడలేదు.

"అత్తయ్యా," అంది కోడలు కిందనుంచి. గొంతు మెల్లగా వచ్చింది. "నీలం."

దిగి వెళ్లాను. ముగ్గురం ఆ గిన్నె చుట్టూ నిలబడ్డాం.

"పల్లమెరుగు అన్నది అబద్ధం కాదమ్మా," అన్నాడు వాడు. "కిందికి రావడానికే అది పైకెక్కింది."

రోజూ ఆ బకెట్లో నేను నానబెట్టే మసిగుడ్డలు గుర్తొచ్చి గిన్నె దూరంగా జరిపాను. కోడలు నా ముఖం చూసి, "ఇన్నాళ్లూ మీ చేతి కాఫీ రుచి ఎక్కడిదో ఇవాళ తెలిసింది," అంది. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

నీలం ఛాయ పోయేదాకా కుళాయిలన్నీ వదిలి కడిగాక, నేను ఇంకోసారి చేద్దామన్నాను. మళ్లీ బకెట్ నింపి, కిందికి నీలం వస్తుండగా గొట్టాన్ని మెల్లగా పైకెత్తాను. కొస నీళ్లలో ఉన్నంతసేపూ లాగింది. నీళ్లు దాటి పైకి రాగానే గుటక వేసినట్టు చప్పుడు చేసి ఆగింది. గాలి దూరితే నీళ్ల తాడు తెగిపోతుందట. కుళాయి మూతి ఎప్పుడూ తొట్టి అంచుకు పైనే ఉండాలన్న నిబంధన అందుకేనట. అది వాడు శిక్షణలో బట్టీ పట్టాడు. ఎందుకో అడగలేదు.

ఆరోజు నుంచి పనికి వెళ్లి వచ్చాక నా ఎదురుగా కూర్చునేవాడు. "భయపడమ్మా," అనేవాడు. నా భయాలకు మా ఇంట్లో అంత గిరాకీ ఎన్నడూ లేదు. సింకు కింద గొట్టం మెలిక తిరిగి ఉంటుందే, అందులో నీళ్లు ఎండి మురుగు గాలి ఇంట్లోకి వస్తే? మురుగు గొట్టం పక్కనే మంచినీళ్ల గొట్టం ఉండి రెండూ చిట్లితే? వాడు పుస్తకంలో వెతికేవాడు. చాలావాటికి జవాబు ఉండేది. నాలాంటి వాళ్లు ఇంకెవరో ఎప్పుడో కూర్చుని ఇవన్నీ ఊహించారన్నమాట. కొన్నిటికి పుస్తకంలో జవాబు ఉండేది కాదు. అప్పుడు ఇద్దరం మేస్త్రి ఇంటికి నడిచేవాళ్లం.

రెండోసారి పరీక్షకు నేనూ వెళ్లాను. "బడికి దింపుతున్నారా?" అంది కోడలు. అననీ. గది బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది.

"ఒక ఇంట్లో గీజరు ఉంది," అన్నాడు పరీక్ష అధికారి. "దాని వాల్వులోంచి చుక్క చుక్క కారుతోంది. నేల తడుస్తోంది, దానికి బిరడా బిగించి మూసెయ్యి అంటాడు ఇంటాయన. ఏం చేస్తావు?"

ఇది మేం అనుకున్న వాటిల్లో లేదు. బల్ల మీదే తలుపు వైపు జరిగాను. లోపల మావాడు నీళ్లు నములుతున్నాడు.

"అలా..." అన్నాడు.

అయిపోయిందనుకున్నాను.

"అలా మూయను సార్. ఒకవేళ లోపల వేడి ఆగకుండా పెరిగితే, ఒత్తిడి బయటికి పోవడానికి ఉన్న దారి అదొక్కటే. ముందు ఎందుకు కారుతోందో చూస్తాను."

"నువ్వు కాకపోతే ఇంకొకడు మూస్తాడు అంటాడు ఇంటాయన."

"అయితే గీజరు ఆపేసి, ఏమవుతుందో ఆయన్ని కూర్చోబెట్టి చెప్తాను. వినకపోతే ఇంట్లో ఆడవాళ్లను పిలుస్తాను. వాళ్లకు భయం తెలుసు."

లోపల నవ్వు వినిపించింది. తరువాత, "వెళ్లి గుమాస్తా దగ్గర సంతకం పెట్టు," అన్న మాట.

లైసెన్సు జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. కళ్లు తుడుచుకుని, "ఆ వాల్వు ఎలా ఉంటుందిరా?" అన్నాను.

పరీక్షల కోసం గొట్టాలు బిగించిన గోడ ఒకటి ఆవరణలో ఉంది. దానికి కరెంటు ఇవ్వని ఒక గీజరు తగిలించి ఉంది. కాపలా ఆయన్ని అడిగి నన్ను దాని దగ్గరికి తీసుకెళ్లాడు. వేలెడంత ఇత్తడి ముక్క, పక్కన బుల్లి మీట. వాడు మీట ఎత్తగానే నీళ్లు చివ్వున చిమ్మాయి. నేను రెండడుగులు వెనక్కి గెంతాను.

"చల్లనీళ్లేనమ్మా."

"తెలుసులే. జరుగు, నన్నెత్తనీ."